కిటికీ బయటి పాఠకులు

ఆమె పోయిన సంగతి నాకు కంప్యూటరుకు కొబ్బరికాయ కొట్టిన రోజు తెలిసింది. మా గ్రంథాలయానికి వచ్చిన మొట్టమొదటి కంప్యూటరు అది. పసుపు రాశారు, కుంకుమబొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. దండ అడ్డమై తెర కనబడకపోతే దాన్ని పక్కకు జరిపి ఫోటో తీశారు. రిటైరైన పాత కార్యదర్శిగారిని కూడా పిలిచి వేదిక మీద కూర్చోబెట్టారు. ఆయన మైకు ముందుకు వచ్చి, "ఇకమీదట మన చరిత్రలో ఒక్క అక్షరం కూడా పోదు" అంటున్నాడు. సరిగ్గా అప్పుడే వెనక వరసలో నాకు చాయ్ అందిస్తూ అటెండరు చెవిలో అన్నాడు, "సార్, మన మేడం పోయిందంట. నారాయణపేటల. పది రోజులైతాందంట."

అక్షరం పోదట. ఒళ్లు మండిపోయింది. ఈ మనిషి నోటి నుంచి, ఈ మాట, ఈ రోజే రావాలా అనిపించింది. సభ చివర్లో ఎవరైనా ఆమె పేరెత్తుతారేమోనని చూశాను. కంప్యూటరు మోసుకొచ్చిన లారీ డ్రైవరుకు కూడా ధన్యవాదాలు చెప్పారు, ఆమె మాట ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ పట్నం పేరు రాయను. పాలమూరు జిల్లాలోదే. అప్పటివాళ్లు కొందరు ఇంకా అక్కడే జీతాలు తీసుకుంటున్నారు. ఆమె పేరూ రాయను. బతికున్నప్పుడు ఏ సభలోనూ పలకని పేరును ఇప్పుడు నేను అచ్చు వేయించి ఆమెకు చేసే ఉపకారమేమీ లేదు.

ఎనభైల మొదట్లో ఉర్దూ విభాగం చూసుకునే పని మీద నేను అక్కడ చేరాను. ఆమె అప్పటికే అక్కడ లైబ్రేరియన్. నారాయణపేట నేత కుటుంబం నుంచి వచ్చింది. తండ్రి మగ్గం మీద నేసిన నూలుచీర తప్ప ఇంకొకటి కట్టగా నేను చూడలేదు. మొదటి రోజు నా కాగితాలు చూసి, అద్దాల పైనుంచి నన్ను చూసింది.

"చదువొస్తదా తమ్మీ?"

"వస్తది మేడం. ఉర్దూ, తెలుగు, జర ఫార్సీ."

"మేడం గీడం వద్దు, అక్క అను. చదువు సరే, ఇనుడొస్తదా?"

నాకు అర్థం కాలేదు. చెయ్యి పట్టుకున్నంత పని చేసి బయటికి తీసుకుపోయింది. హాలు కిటికీ కింద మట్టిలో తను కూర్చుని నన్నూ కూర్చోమంది. ఇస్త్రీ చేసిన కొత్త ప్యాంటుతో నేను కూర్చున్నాను.

"ఏం ఇనవడ్తాంది?"

"లోపల ఇద్దరు లొల్లి పెట్టుకుంటున్నరు. ఫ్యాను కింద కుర్సీ ఎవరిదని."

"మాటలు సాఫ్ ఇనవడ్తున్నయి గద. అయితె గీ కిటికి మంచిదే."

లేచి చీర దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది. ఈమెకు మెదడు కొంచెం అటూ ఇటూ అయ్యిందేమోననుకున్నాను. ఆ మాట చాలామంది చివరిదాకా అనుకున్నారు.

ఆమె రాయాలనుకున్నది గ్రంథాలయాల చరిత్ర. ఉద్యోగం చేసుకుంటూనే హైదరాబాదులో ఒక ఆచార్యుడి దగ్గర పరిశోధనకు నమోదైంది. నిజాం కాలంలో మా పల్లెల్లో వెలసిన పఠన మందిరాల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. స్థలమెవరిచ్చారు, గోడలెవరు కట్టించారు, అనుమతి కోసం ఎన్ని గడపలు ఎక్కారు, అంతా రాశారు. ఊరికి ఒక్క పత్రిక వచ్చేది, అదీ పాతబడి వచ్చేది. చదువు వచ్చిన పంతులొకడు బిగ్గరగా చదివితే మిగతావాళ్లు చాప మీద కూర్చుని వినేవాళ్లు. ఇదీ రాశారు. రాయనిది ఒకటుంది. ఆ చాప మీదికి రాలేనివాళ్లు, ఊరి బయటి వాడలవాళ్లు, కిటికీ కింద నేల మీద కూర్చుని విన్నారు. కొన్ని ఊళ్లలో పంతులు తన స్టూలును కిటికీ దగ్గరికి జరుపుకుని ప్రతి వార్తనూ రెండుసార్లు చదివేవాడు. ఒకసారి లోపలికి తిరిగి, ఇంకోసారి బయటికి తిరిగి. ఆ రెండోసారి చదివింది విన్నవాళ్లు ఇంకా ఎక్కడైనా బతికున్నారా అని ఆమె వెతుకుతుండేది.

"పుస్తకం ముట్టకుండ జిందగీ అంత లైబ్రరికి వచ్చినోడు పాఠకుడు అయితడా, కాడా?" అని కనబడినవాళ్లందరినీ అడిగేది. జవాబు చెప్పలేక నీళ్లు నమిలినవాళ్లను చూసి నవ్వేది కాదు, విసుక్కునేది.

ఏ ఊరి మందిరానికి పోయినా బీరువాల వైపు చూసేది కాదు. తిన్నగా కిటికీ దగ్గరికి పోయి జేనతో దాని ఎత్తు కొలిచి, బయటికి వచ్చి కింద కూర్చునేది. లోపల నిలబడి ఏదో ఒకటి చదవమని నాకు పని. ఊరి పెద్దలు వచ్చి ముందుగోడలోని పాలరాయి చూపిస్తే, "గీ రాయి మీద జాగ ఇచ్చినోళ్ల పేర్లున్నయి, గోడ కట్టించినోళ్ల పేర్లున్నయి. చదివిన పంతులు పేరేది? ఇన్నోళ్ల పేర్లు ఏ రాయి మీద ఉన్నయి?" అని అడిగేది. చాయ్ తెప్పిద్దామనుకున్న పెద్దమనిషి ఆ ఆలోచన మానుకునేవాడు.

ఆమెతో వేగడం తేలికేమీ కాదు. పేజీ మూల మడిచి పుస్తకం తెచ్చినవాడి చొక్కా కాలరు అలాగే మడిచి, "మంచిగున్నదా?" అనేది. 'సేవ' అన్న మాట వింటే ఆమెకు మంట. "గ్రంథాలయ సేవ అనకురి. జీతం తీసుకుంటున్నం, పని చేస్తున్నం" అని కార్యదర్శి ముఖం మీదే అంది. మధ్యాహ్నం జొన్నరొట్టె చేతిలో పెట్టుకుని నిలబడే తినేది, అప్పుడు కూడా కిటికీ దగ్గరే. నా ఉర్దూ విభాగాన్ని చూసి, "నీ అల్మారలల్ల పిచ్చుకలు గుడ్లు పెడ్తున్నయి తమ్మీ, గవ్వన్న వాడుకుంటున్నయి" అని ఎగతాళి చేసేది. ఆ మాటలు నాకు తగిలేవి. కానీ కిటికీ బయటి ముసలివాళ్ల ముందు కూర్చున్నప్పుడు ఆమె నోరు ఎంత మెత్తబడేదో చూశాను కాబట్టి ఊరుకునేవాణ్ణి.

దుబాయి నుంచి వచ్చిన మా బావమరిది దగ్గర ఆమెకొక టేప్‌రికార్డరు ఇప్పించాను. దాన్ని భుజానికి తగిలించుకుని ఆదివారాలు ఊళ్లు తిరిగేది. కార్యదర్శి సెలవివ్వడు కదా. ముస్లిం పెద్దల ఇళ్లకు పోవాల్సి వస్తే నన్ను వెంటబెట్టుకునేది, తర్వాత తర్వాత అన్నిచోట్లకూ పోయాను. ఒక ఊళ్లో పాత పఠన మందిరంలో పంచాయతీ టీవీ పెట్టారు. పెద్దలు లోపల కుర్చీల్లో ఉన్నారు. వాడ పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడుతూ చూస్తున్నారు. "పేపరు పాయె, రేడియో పాయె, టీవీ వచ్చె. గీడ కూసునెటోళ్లు మాత్రం మారలే" అంది.

కొల్లాపూర్ దగ్గర ఒక పల్లెలో ఆమెకు కావలసిన మనిషి దొరికాడు. పశువులు కాసి బతికిన ముసలాయన. వాడలో అందరూ ఆయన్ని పేపరు తాత అంటారు. కిటికీ కింద విన్నది విన్నట్టు మోసుకుపోయి వాడవాళ్లకు మళ్లీ చెప్పింది ఆయనే. ఆయన వాకిట్లో బోర్లించిన గంప మీద టేప్‌రికార్డరు పెట్టి ఆమె అడగడం మొదలుపెట్టింది.

"లోపలికెందుకు పోలే తాతా? ఎవలన్న వద్దన్నరా?"

"వద్దన్నోడు లేడు బిడ్డా. రమ్మన్నోడు లేడు. కిటికి మాత్రం తెరుస్తుండ్రి."

"వానొస్తె?"

"గొంగడి కప్పుకుంటుంటిమి. పంతులు ఇంక జోర్ల చదువుతుండె. సమజ్ గాకుంటె నేను కట్టెతోని చువ్వ మీద ఒక్కటి కొడ్తుంటి. కొడ్తె మళ్ల చదవాలె. గది చూసి లోపలోళ్లకు కోపమొచ్చింది. ఒక ఎండకాలమంత రెక్కలు మూసిన్రు."

"మూస్తె మీరేం జేసిన్రు?"

"గాడ్నే కూసున్నం. సందులకెల్లి ఇనవడ్తుండె."

"ఏమినవడ్తుండె?"

"సగం సగం. మిగిలిన సగం మేమే చెప్పుకుంటుంటిమి." బోసినోటితో నవ్వాడు. "లడాయిల ఎవడు గెలిచిండో లోపలోళ్ల కన్న ముందుగాల మా వాడల తెలిసిపాయె."

తర్వాత ఆమె అడగకుండానే కళ్లు మూసుకుని ఒక వార్త చెప్పాడు. 'సైన్యములు వెనుకకు మరలినవి, పౌరులు భయకంపితులైరి' అని పంతులు చదివినట్టే, ఆగిన చోటల్లా ఆగుతూ, పంతులు దగ్గిన చోట దగ్గుతూ. అక్షరం రాని మనిషి నోట్లో అచ్చంగా పుస్తకాల భాష. ఆమె కళ్ల నిండా నీళ్లు. చప్పుడు టేపులోకి ఎక్కుతుందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లలుంటాయి. వాటిని విరగ్గొడితే దాని మీద ఇంకేమీ రికార్డు కాదు. ఆమె తలలోంచి పిన్ను తీసి ఆ రెండూ టక్కుమని విరిచింది.

"గదేంది ఇరగ్గొట్టినవ్ బిడ్డా?" అని ముసలాయన కంగారుపడ్డాడు.

"నీ మాట మీద ఇంకొకని మాట ఎక్కకుండ తాతా."

అట్లా కొన్నేళ్లు తిరిగితే ఒక అట్టపెట్టె నిండింది. కిరాయి ఇంట్లో పెడితే ఇంటావిడ పిల్లలు ఎప్పుడైనా సినిమా పాటలు ఎక్కిస్తారని ఆమెకు ఒకటే భయం. లైబ్రరీకి తెచ్చింది. తెచ్చి ఊరికే పెట్టలేదు. గ్రంథాలయానికి బహుమతిగా ఇచ్చినట్టు రాసి, ప్రతి పుస్తకానికీ వేసే వరుస నంబరును ఒక్కో క్యాసెట్‌కూ వేసింది. ముద్ర కొట్టింది. పుస్తకాల వెన్నుకు అంటించే తెల్లచీటీ మీద తన చేత్తో నంబరు రాసి అంటించి, తాళమున్న అల్మారాలో పెట్టింది.

"ఎందుకక్కా, నీయే కదా, నీ దగ్గర పెట్టుకో" అన్నాను.

"నాదైతె పోతది తమ్మీ. నంబరు పడ్డది ఎట్ల పోతది?"

ఆమె లెక్క ఆమెది. మా దగ్గర నంబరు పడినదాన్ని కొట్టివేయాలంటే కమిటీ కూర్చోవాలి, సంతకాలు కావాలి. చెదలు తిని పిండి అయిన పుస్తకాన్ని కూడా పారేయలేక ఏళ్ల తరబడి మూటగట్టి దాస్తాం. ఆ పద్ధతిని ఆమె నమ్మింది. లైబ్రరీలోనే పుట్టి పెరిగినట్టున్న మనిషి తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది.

హైదరాబాదులోని ఆచార్యుడు మొదట్లో ఆమెను లెక్కే చేయలేదు. "గ్రంథాలయ చరిత్ర రాయమంటే కిటికీల చరిత్ర రాస్తానంటావేమమ్మా?" అన్నాడట. ఆయన గొంతు పెట్టి ఆమె ఆ మాట అనుకరిస్తుంటే పడి పడి నవ్వేవాళ్లం. ఆమె తను రాసుకున్న కాగితాలు చూపిస్తే, నువ్వు రాసింది నీ మాట అవుతుంది కానీ వాళ్ల మాట ఎట్లా అవుతుంది, ఆధారమేది అన్నాడు. చివరికి తొంభైల్లో ఒకనాడు మెత్తబడి, సరే, ఆ టేపులు తీసుకురా, పరీక్షకుల ముందు వినిపిద్దాం అన్నాడు. ఆ రోజు ఆమె లైబ్రరీలో అందరికీ మిఠాయి పంచింది. కార్యదర్శికి కూడా ఇచ్చింది.

అప్పటికి నన్ను కొల్లాపూర్ శాఖకు బదిలీ చేశారు. ఆమెనేమో, పెద్ద లైబ్రేరియన్ కదా, రేపో మాపో రాబోయే కంప్యూటర్ల శిక్షణకని హైదరాబాదు పంపారు. ఆ రోజుల్లోనే జిల్లాలో అక్షరాస్యత ప్రచారం ఊపందుకుంది. ఒకనాడు మైకు కట్టిన జీపు మా శాఖ ముందు ఆగింది. దిగిన కార్యకర్త నా చేతిలో ఒక క్యాసెట్ పెట్టి, "చదువు పాటలు సార్. రోజు పొద్దున సాయంత్రం వెయ్యాలె" అన్నాడు.

చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. వెనక అంచున విరిగిన బిళ్లల గుంటలు రెండింటి మీదా తెల్లచీటీలు అంటించి ఉన్నాయి. గుంట మూస్తే మళ్లీ రికార్డవుతుందని తెలిసినవాడెవడో చేసిన పని. ఆ చీటీలు మా లైబ్రరీవి. ముందువైపున ఆమె రాసిన నంబరు చెక్కు చెదరకుండా ఉంది.

రెండు వైపులా చివరిదాకా విన్నాను. పలకా బలపం పాటలు, డప్పు, మళ్లీ పాటలు. పాటలు అయిపోయాక ఎక్కడైనా ఒక్క మాట మిగిలి ఉంటుందేమోనని చెవి ఆనించి కూర్చున్నాను. ఎక్కించినవాడు పాటలయ్యాక కూడా రికార్డు ఆపలేదు. చివరిదాకా ఉత్త గాలి.

ఆమె శిక్షణ ముగించుకుని వచ్చిన రోజు నేను బస్సెక్కి పట్నం పోయాను. నేను చెప్పకముందే ఆమె అల్మారా తెరిచింది. పెట్టె ఉంది, లోపల ఏమీ లేదు. ఇద్దరం కార్యదర్శి గదిలోకి పోయాం. ఆయన కూర్చోమన్నాడు, చాయ్ చెప్పాడు.

"కొత్త క్యాసెట్లకు మంజూరు రావాలంటే నెల పడుతుందమ్మా. కలెక్టరాఫీసు నుంచి ఒకటే ఒత్తిడి. మన దగ్గర ఉన్నవే కదా అని వాడాం."

"అవి నాయి సార్."

"మీవెట్లా అవుతాయి? నంబరు వేసింది మీరే, ముద్ర కొట్టింది మీరే. గ్రంథాలయం ఆస్తిని గ్రంథాలయం పనికే వాడాం. ఒక్కటి కూడా పోలేదు. ప్రచారం కాగానే అన్నీ వెనక్కి వస్తాయి."

"పుస్తకం మీద ఇంకో పుస్తకం రాస్తరా సార్?"

ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. నవ్వాడు. "అయినా చదువురానివాళ్ల మాటలే కదమ్మా ఉన్నవి. వాటి మీద చదువు పాటలు ఎక్కాయి. మీరు సంతోషించాలి."

ఆమె చాయ్ ముట్టలేదు, లేచింది. నేను మాత్రం నోటికొచ్చినట్టు అన్నాను. ఆ మాటలకు నా జీతంలో పెరుగుదల ఆగింది, ఆగితే ఆగనీ అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ప్రచారం అయిపోయాక క్యాసెట్లు నిజంగానే తిరిగి వచ్చాయి. మార్చిలో సరుకు సరిచూసే కమిటీ వచ్చి నంబర్లు చదివింది. అన్నీ ఉన్నాయని టిక్కులు పెట్టుకుని సంతకాలు చేసి పోయింది. ఆ కాగితాల ప్రకారం మా గ్రంథాలయంలో ఏదీ పోలేదు. హైదరాబాదు ఆచార్యుడు విని, "అయ్యో" అని, నిజాం కాలపు గ్రంథాలయ భవనాల నిర్మాణం మీద రాసుకొమ్మని సలహా ఇచ్చాడు.

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. అప్పటికి మాట్లాడినవాళ్లలో చాలామంది మట్టిలో కలిశారు. బతికున్నాడని నాకు తెలిసింది పేపరు తాత ఒక్కడే. ఒక ఆదివారం కొల్లాపూర్‌లో బస్సు దిగింది. భుజాన అదే టేప్‌రికార్డరు, సంచిలో కొత్త క్యాసెట్. ఇద్దరం ఆ పల్లెకు పోయాం.

ముసలాయనకు చూపు పోయింది. గుడిసె ముందు మంచంలో ఉన్నాడు. గొంతు వినగానే గుర్తుపట్టి, చెయ్యి చాపి ఆమె చెయ్యి అందుకున్నాడు.

"తాతా, గప్పుడు చెప్పినవి ఇంకొకపారి చెప్తవా? పంతులు చదివింది, కిటికి మూసింది."

"ఎందుకు బిడ్డా? అంత నీ డబ్బాల పడ్డది గద."

"ఇంకొకపారి ఇనాలనున్నది."

"నాకిప్పుడు యాదికి లేవు. నీకు చెప్పినంక ఇడిచిపెట్టిన. మోసినన్ని దినాలు మోసిన, నీ చేతుల పెట్టిన, ఇంక నాకెందుకు?"

ఆమె క్యాసెట్ పెట్టి మీట నొక్కలేదు. చేతిలో పట్టుకునే ఉంది. ఆయనకు ఆ సంగతి తెలియదు. చుట్టూ చేరిన వాడవాళ్ల వైపు తల తిప్పాడు. నేను బదిలీ మీద వచ్చిన కొత్తలో సంతలో కలిసి తనకు చెప్పిన ముచ్చట ఆయన వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు.

"గీ తురకల పిలగాడు చెప్పిండు. పట్నంల పెద్ద లైబ్రరిల నన్ను అల్మారల పెట్టిన్రంట. తాళమేసిన్రంట. నంబరు గూడ ఏసిన్రంట. మా నాయిన బయటనే కూసుండె, నేను బయటనే కూసున్న. ఇప్పుడు లోపల ఉన్న." ఆమె చేతిని నొక్కి అడిగాడు, "ఉన్న గద బిడ్డా?"

ఆమె నా వైపు చూసింది. చెప్పొద్దని ఆ చూపు.

"ఉన్నవు తాతా" అంది. "మొన్ననే కమిటోళ్లు వచ్చి చూసిపోయిన్రు."